నడక పాఠం

ఆ రోజు పొద్దున ఏడుంబావుకు దవాఖానమ్మ చాయ్ తాగి, గ్లాసు బోర్లించి, కొంగుతో మూతి తుడుచుకుని, "ఇగ లేవుండ్రి, నడక నేర్చుకుందాం" అన్నది.

బెంచీల మీద కూర్చున్న యువకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఇంటర్మీడియట్ చదివినవాళ్లున్నారు, హైదరాబాదులో ఉండి వచ్చినవాళ్లున్నారు. నడక రానివాడు మాత్రం ఎవడూ లేడు.

ఈ మధ్య మా మనవరాలి వయసు పిల్లలిద్దరు మా ఇంటికి వచ్చారు. పేద కుటుంబాలకు తోడుగా ఉండే పనిలో చేరారట. దానికి శిక్షణ కూడా అయిందట. గోడ మీద బొమ్మలు పడతాయని, మధ్యాహ్నం భోజనం పెడతారని, చివర సర్టిఫికెట్ ఇస్తారని చెప్పారు. మీ కాలంలో ఎలా ఉండేదని అడిగారు. మాకు గోడ ఉండేది, బొమ్మలు లేవు అన్నాను. వాళ్లు నవ్వి వెళ్లిపోయారు. అది సరైన జవాబు కాదు. సరైన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అడగడానికి దవాఖానమ్మ ఉండి ఉంటే ఆమెనే అడగమనేవాణ్ని. ఆమె పోయి నాలుగు నెలలైంది.

ఇదంతా సిద్దిపేటలో, పోలీసు చర్య అయిన మరుసటి ఏడు జరిగింది. పాత సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది. వెట్టి చేయించుకోవడం నేరమని ఊరూరా చాటింపు వేశారు. మా పక్క ఊళ్లో ఆ చాటింపు వేసినవాడు కూడా వెట్టికే వేశాడు. డప్పు కొట్టినందుకు అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

చాటింపుతో మనుషులు మారరని పైన ఎవరికో తోచింది. ఊరికి దూరంగా ఉంచిన వాడల్లోని ఒక్కో కుటుంబానికి ఒక్కో చదువుకున్న యువకుణ్ని ఏడాదిపాటు తోడు ఇవ్వాలని నిర్ణయించారు. పిల్లల్ని బడిలో వేయించడం, జబ్బు చేస్తే దవాఖానకు తీసుకుపోవడం, సర్కారు కచేరీలో పని ఉంటే వెంట ఉండటం ఆ యువకుల పని. ఆ పథకానికి ఇంగ్లీషులో చాలా పొడుగు పేరుండేది. ఉర్దూలోకి మార్చాక ఇంకా పొడుగైంది. జనం మాత్రం ఆ యువకులను తోడుగాళ్లు అన్నారు. అదే నిలిచింది.

నేను మిడిల్ స్కూల్లో పంతుల్ని. చట్టం చెప్పడానికి నన్ను వాళ్ల శిక్షణకు పంపారు. ఏ అర్జీ ఎవరికి పెట్టాలి, కచేరీలో ఎలా నిలబడాలి, ఎలాంటి బట్టలు వేసుకుని వెళ్లాలి అనేవి నా పాఠాలు. నా పాఠాలకు అందరూ బుద్ధిగా వచ్చేవారు. కొందరు బుద్ధిగా నిద్రపోయేవారు.

దవాఖానమ్మది మిషన్ దవాఖానలో నర్సు ఉద్యోగం. వాడలో పుట్టి, మిషన్ బడిలో చదివి, పెళ్లయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకున్న మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు ఉండేది. దాన్ని ఆమె తెరవగా నేను చూడలేదు. మనుషులను చూపించడానికే వాడేది.

ఆ పొద్దున అందరినీ రోడ్డు మీదికి తీసుకుపోయి, ఇద్దరిద్దరిగా విడదీసింది. ఒకడిది తోడుగాడి వేషం, ఇంకొకడిది వాడ మనిషి వేషం. తహసీలు కచేరీకి పోతున్నట్టు నడవమంది. తను వెనకాల నడిచింది. కొంతదూరం పోయాక గొడుగు ఎత్తింది.

"ఆగుండ్రి. ఏం నడక గిది? నువ్వు ముంగట పోతున్నవ్, ఆయన ఎన్కకెల్లి వస్తుండు. మంది చూస్తె ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరమ్మా?"

"జీతగాన్ని తోల్కపోతున్నవనుకుంటరు."

"మరెట్ల నడవాలె?"

"పక్కన నడువు. ఆయన ఆగితె నువ్వాగు. ఆయన ఎన్కకు పడితె నువ్వు గూడ ఎన్కకు పడు. ఆయన కంటె ముంగట నీ కాలు పడద్దు."

అందరూ తలలూపారు. మళ్లీ నడిచారు. చిన్నప్పటినుంచి ముందు నడవడానికి అలవాటైన కాళ్లు ఒక్క పొద్దులో మాట వినవు. ఇద్దరు ముగ్గురు పక్కవాడి చెయ్యి పట్టుకుని నడిచారు. "పెండ్లికి పోతున్నరా" అని ఆమె చెయ్యి విడిపించింది.

రెండో పాఠం నీళ్లది. కచేరీలో వాడ మనిషిని ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు అతనే చెప్పాలి, తోడుగాడు చెప్పకూడదు. ఇది కూడా అందరికీ అర్థమైంది. నేను తహసీల్దారుగా కూర్చుని ప్రశ్న అడిగితే, మరుక్షణం తోడుగాళ్లే జవాబు చెప్పారు. మళ్లీ అడిగాను. మళ్లీ వాళ్లే చెప్పారు. అప్పుడామె తన ఇత్తడి చెంబు తెచ్చి, ఒక్కొక్కడి నోట్లో ఇన్ని నీళ్లు పోసి, పుక్కిట పట్టి నిలబడమంది. ఎదుటివాడు మాట్లాడటం అయ్యేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. మొదటి రోజు సగం మంది మింగారు, మిగతావాళ్లు చొక్కాల మీద పోసుకున్నారు. చట్టం కంటే నీళ్లు కష్టమని నాకు ఆ రోజు తెలిసింది.

ఆ నీళ్లతో అందరికంటే ఎక్కువ కష్టపడినవాడు వర్గల్ నుంచి వచ్చిన అబ్బాయి. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు. మంచి మనసు. దానితోపాటు ఆగని నోరు. ఎవరినైనా ఏదైనా అడిగితే జవాబు ఇతని దగ్గర ఉండేది. నన్ను ఎవరైనా కుశలం అడిగినా ఇతనే చెప్పేవాడు, "సారుకు నిన్నటికెల్లి దగ్గున్నదండి" అని.

ఒక రోజు అతని వంతు వాడ మనిషి వేషం. తలగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. నడుము వంచి, చూపు నేల మీద పెట్టి, "దొరా" అన్నాడు. ఆ గొంతు అతనిది కాదు. అందరూ చప్పట్లు కొట్టారు.

దవాఖానమ్మ కొట్టలేదు. "ఇంత మంచిగ వంగుడు ఎక్కడ నేర్చుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

"నేర్చుకునుడేందమ్మా, మా వాకిట్ల రోజు చూస్త గదా" అన్నాడు అతను నవ్వుతూ. నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాడు. ఆ పూట ఇంకేమీ మాట్లాడలేదు. అతనికి నీళ్లు అక్కర్లేని పూట అదొక్కటే.

అతన్ని తోడుగా ఇచ్చింది ఒక నీరడి కుటుంబానికి. ఊరు సిద్దిపేటకు రెండు కోసులు, అంటే నాలుగు మైళ్ల దూరం, బెజ్జంకి వైపు. నీరడి అంటే చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు పంచే ఊరి పనివాడు. వాడ మనిషే ఆ పని చేస్తాడు. తూము తీసిన రోజు అతను పార భుజాన వేసుకుని కాలువ వెంట ముందు నడుస్తాడు. అతని వెనక నీళ్లు, నీళ్ల వెనక రైతులు. ఆ రోజు అతనికి ముందు ఎవరూ నడవరు. మిగతా రోజుల్లో ఎవరి ముందూ అతను నడవడు.

ఆ పనికి ప్రతిఫలంగా నీరడికి చెరువు కింద కొంచెం మాన్యం ఉంటుంది. ఈ నీరడి మాన్యాన్ని అతని తండ్రి కాలంలోనే ఊరి పటేల్ తన పొలంలో కలుపుకున్నాడు. దున్నేది నీరడి, పండేది పటేల్‌కు. కొత్త తహసీల్దారు అలాంటి భూముల విచారణ పెట్టాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన ఆయనకు ఒక పట్టుదల ఉండేది. భూమి ఎవరిదో ఆ మనిషే వచ్చి తన నోటితో చెప్పాలి. వేరేవాళ్లు ఎంత చెప్పినా రాసుకోడు. మూడుసార్లు పేరు పిలిచినా రాకపోతే, వచ్చి నోరు తెరవకపోతే, ఎదుటివాడిదే భూమి అని రాసేస్తాడు.

నీరడి అప్పటికి పటేల్ ముందు "అయ్య", "గట్లనే" అన్న రెండు మాటలు తప్ప అన్నది లేదట. ఈ సంగతి అతని భార్యే మాకు చెప్పింది. ఆమె మాటలు లెక్కపెట్టే మనిషి కాదు. పటేల్ ఆమె ద్వారా నీరడికి ఒక కబురు కూడా పంపాడు. మాన్యం మాట ఎత్తితే తూము పని కూడా పోతుందని.

వర్గల్ అబ్బాయి మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు నేను వెంట ఉన్నాను. నీరడి లేచి గోడకు ఆనుకున్నాడు.

"నన్ను దొర అనద్దు" అన్నాడు అబ్బాయి.

"గట్లనే దొరా" అన్నాడు నీరడి.

ఇద్దరూ నడక సాధన మొదలుపెట్టారు. ఇంటినుంచి ఊరి బయట చింతచెట్టు దాకా. అబ్బాయి పక్కన నడిచాడు. నీరడి ఒక అడుగు వెనక్కి తగ్గాడు. అబ్బాయి కూడా తగ్గాడు. నీరడి ఇంకొక అడుగు తగ్గాడు. చింతచెట్టు దూరం ఎంత ఉందో అంతే ఉంది. నీరడి భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఏందయ్యా, ఇద్దరు కలిసి జాగ కొలుస్తున్నరా?" అని అడిగింది.

ఈ సంగతి నేను దవాఖానమ్మకు చెప్పాను. అలవాటైతే సర్దుకుంటారు అన్నది. నేనూ అదే అనుకున్నాను. నేర్పేవాళ్లు ఇలాంటిచోట ఒకరి మాటకు ఒకరు సులభంగా ఒప్పుకుంటారు.

విచారణ రోజు వచ్చింది. కచేరీకి వచ్చేవాడు గౌరవంగా కనిపించాలన్నది నా పాఠం కదా. అబ్బాయి దాన్ని బాగా నేర్చుకున్నాడు. నీరడికి తన ఇస్త్రీ అంగీ ఒకటి తొడిగాడు. అది నీరడికి మోకాళ్ల దాకా వచ్చింది. కచేరీకి పార ఎందుకని దాన్ని ఇంట్లో పెట్టించాడు. తెల్లవారగానే బయలుదేరారు. నేను, దవాఖానమ్మ కచేరీ దగ్గర ఎదురుచూడాలని ఒప్పందం.

కచేరీ తెరిచారు. పటేల్ ఎడ్లు కట్టిన సవారి కచ్చురంలో వచ్చి దిగాడు. మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. మర్యాదలో అతనికి లోటు లేదు.

"తోవల మీవాళ్లు కనవడ్డరు పంతులూ. మంచిగ నిలవడి ఉన్నరు" అన్నాడు.

"నిలబడి ఉన్నారా? నడుస్తున్నారా?"

"నిలవడే ఉన్నరు" అని లోపలికి పోయాడు.

లోపల విచారణ మొదలైంది. చప్రాసీ బయటికి వచ్చి నీరడి పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. దవాఖానమ్మ నన్ను చూసింది.

"నువ్వు ఉరుకు. నేను గీడ చూస్కుంట."

ఆమె ఏం చూసుకుంటుందో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆ చప్రాసీ పిల్లలు ముగ్గురూ ఆమె చేతుల మీదే పుట్టారు. ఆ పొద్దున రెండో పిలుపు అయ్యాక అతని గొంతు పట్టేసింది. మూడో పిలుపు పిలవలేక, చాలాసేపు నీళ్లు తాగుతూ కూర్చున్నాడు.

నేను ఊరు దాటి బెజ్జంకి దారిలో పరుగెత్తాను. అప్పటికి నాకు పరుగు అలవాటు లేదు, ధోవతికి అసలే లేదు. కొంత దూరంలో రోడ్డు మధ్య ఇద్దరూ పక్కపక్కన, కదలకుండా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక మరికొంత దూరంలో రాతి మీద నీరడి భార్య కూర్చుని ఉంది. ఆమె చేతిలో పార ఉంది.

"ఎందుకు నిలబడ్డారు?" అన్నాను.

"ఆయన ఆగిండు సార్" అన్నాడు వర్గల్ అబ్బాయి. "ఆయన ఆగితె నేనాగాలె గదా."

"ఎప్పటినుంచి?"

"పటేల్ కచ్చురం పోయినకాడికెల్లి."

అసలు సంగతి నీరడి చెప్పాడు. చూపు నేల మీదే ఉంది. "పటేల్ చూసిండు పంతులూ, దొర పక్కన నడుసుడు. నాకు కాళ్లు రాలే. దొర జర ముంగట నడిస్తె నేను ఎన్కకెల్లి వస్తనన్న. దొర నడుస్తలేడు."

"నేను ముంగట నడవద్దు సార్. అమ్మ చెప్పింది."

"ఈ ఒక్క రోజు నడువు" అన్నాను.

"అమ్మ చూస్తెనో?"

నేను అతనికి చట్టం చెప్పాను. మూడో పిలుపు అయితే భూమి పోతుందని చెప్పాను. ఆ మాట వినగానే నీరడి రోడ్డు పక్కకు జరిగి కూర్చున్నాడు. "పోతె పోనియి పంతులూ. తూము పనన్న మిగుల్తది" అన్నాడు. అతను కూర్చున్నాడు కాబట్టి వర్గల్ అబ్బాయి కూడా పక్కన కూర్చున్నాడు. మా పాఠం అంత బాగా ఎవరూ పాటించలేదు.

అప్పుడు నీరడి భార్య లేచి వచ్చింది.

"సారూ, జర జరుగుండ్రి" అన్నది నాతో. భర్త ముందు నిలబడింది. "లెవ్వు."

అతను లేచాడు.

"పార ఇంట్ల పెడితె పటేల్ మనుషులు ఎత్కపోతరని నేను మోసుకొచ్చిన. కోసున్నర మోసిన. ఇగ నువ్వు మొయ్యి" అని దాన్ని అతని భుజం మీద పెట్టింది. "తూము తీసిన్నాడు పటేల్ ఎవరి ఎన్క నడుస్తడు?"

నీరడి అంగీ అంచు సవరించుకున్నాడు.

"అడుగుతున్న గదా. ఎవరి ఎన్క?"

"నా ఎన్క."

"కొత్తంగీ తొడగంగనే యాదిమర్శినవా? నడువు. ఎన్క నీళ్లు వస్తున్నయనుకో."

అతను పారను భుజం మీద సరిచేసుకున్నాడు. నడిచాడు. అది నడక అనడానికి లేదు. నీళ్లకంటే ముందు పోయే మనిషి వేగం వేరుగా ఉంటుంది. వర్గల్ అబ్బాయి పక్కన ఉండాలని పరుగెత్తాడు. పక్కకు చేరలేకపోయాడు. నేను వాళ్ల వెనక, నా వెనక నీరడి భార్య. ఆమె ఒక్కతే ఆయాసపడలేదు.

కచేరీ గుమ్మంలో చప్రాసీ మమ్మల్ని చూడగానే అతని గొంతు బాగైంది. మూడో పిలుపు పిలిచాడు. పార బయట పెట్టమన్నాడు. నీరడి పార వదల్లేదు. గొంతు ఆలస్యంగా బాగుపడిన మనిషి కాబట్టి చప్రాసీ ఎక్కువ వాదించలేదు.

దవాఖానమ్మ గుమ్మం పక్కన చెంబుతో సిద్ధంగా ఉంది. వర్గల్ అబ్బాయి నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. తెరిచిన నోట్లో నీళ్లు పోసింది.

లోపల తహసీల్దారు బల్ల ముందు ఒక పక్క పటేల్, ఇంకొక పక్క నీరడి. నీరడి పక్కన బుగ్గలు పొంగించుకుని వర్గల్ అబ్బాయి. నేను, దవాఖానమ్మ, నీరడి భార్య గుమ్మం దగ్గర.

"ఈ భూమి ఎవరిది? ఎవరు దున్నుతున్నారు?" అని అడిగాడు తహసీల్దారు.

నీరడి చూపు నేల మీదికి పోయింది. పార పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నా పక్కన నీరడి భార్య గొణిగింది, "అను, అను." దవాఖానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

తహసీల్దారు రెండోసారి అడిగాడు. పటేల్ గొంతు సవరించుకున్నాడు. "మా మనిషే సార్. వాడు మాట్లాడడు. వాన్ని మేమే చూస్కుంటం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ప్రేమ ఉన్నట్టే ఉంది.

వర్గల్ అబ్బాయి ముఖం ఎర్రగా అయింది. కళ్లు పెద్దవయ్యాయి. అతనికి ఆ జవాబు మొత్తం తెలుసు. తేదీలతో సహా తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని, వేళ్లు విరుచుకుంటున్నాడు. తహసీల్దారు అతని వైపు తిరిగాడు.

"నువ్వెవరవయ్యా?"

అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. వేలితో నీరడిని చూపించాడు.

"నిన్నే అడుగుతున్నాను. పేరేమిటి?"

అబ్బాయి మళ్లీ నీరడిని చూపించాడు. గడ్డం మీద ఒక నీటి చుక్క జారింది.

"ఇతనేమైనా మూగవాడా?" అన్నాడు తహసీల్దారు. ఆ ప్రశ్న ఎవరినీ ఉద్దేశించి అడిగింది కాదు.

దానికి నీరడి జవాబు చెప్పాడు.

"మూగోడు కాదు సార్. నోట్ల నీళ్లున్నయి."

తహసీల్దారు కలం కింద పెట్టాడు.

"నీళ్లెందుకున్నాయి?"

"నేను మాట్లాడాల్నని పట్టుకున్నడు సార్. చానసేపయ్యింది. పాపం, ఆయనకు మాట్లాడకుంట ఉండుడు చాత కాదు." ఈ మాట అంటూ నీరడి అబ్బాయి వైపు చూశాడు. నేల వైపు కాదు.

"అయితే తొందరగా మాట్లాడు మరి" అన్నాడు తహసీల్దారు.

నీరడి మాట్లాడాడు. "గా పొలం నీరడి మాన్యం సార్. మా తాత దున్నిండు, మా బాపు దున్నిండు, నేను దున్నుతున్న. వడ్లు పటేల్ ఇంటికి పోతయి. మా బాపు కాలంలకెల్లి పోతున్నయి." పటేల్ వైపు తిరిగి, మర్యాదగా, "మీరు చూస్కునేది పొలాన్ని పటేలా, నన్ను కాదు" అన్నాడు.

తహసీల్దారు రాసుకున్నాడు. దవాఖానమ్మ గుమ్మంలోంచి, "ఇగ మింగు బిడ్డా" అన్నది. వర్గల్ అబ్బాయి మింగాడు. ఆ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. ఆ తర్వాత సాయంత్రం దాకా అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు.

నేను ఒక్క సంగతి చాలాకాలం ఆలోచించాను. మేము ఆ అబ్బాయిని నీరడికి తోడుగా పంపాం. కచేరీలో మొదట తోడు నిలబడింది నీరడే. తనకోసం రాని మాట పక్కవాడు ఇబ్బంది పడుతుంటే వచ్చింది. దీన్ని పాఠంగా చెప్పవచ్చునా అని దవాఖానమ్మను అడిగాను. చెప్పకు, చెప్తే అందరూ కావాలని ఇబ్బంది పడటం నేర్చుకుంటారు అన్నది.

ఆ మధ్యాహ్నం వాళ్లు తిరిగి పోతుంటే మేమిద్దరం కచేరీ ముందు నిలబడి చూశాం. దవాఖానమ్మ గొడుగు ఎత్తి చూపించింది.

"చూసినవా పంతులూ?"

నీరడి, అబ్బాయి పక్కపక్కన నడుస్తున్నారు. పార అబ్బాయి భుజం మీద ఉంది. అబ్బాయి మాట్లాడుతున్నాడు, నీరడి వింటున్నాడు. వాళ్లకు చాలా ముందు నీరడి భార్య పోతోంది. ఇంటికి పోయి అన్నం వండాలి కదా.

"పాఠంల ఆమెను మరిచినం" అన్నది దవాఖానమ్మ.

తర్వాతి జట్టు నుంచి నడక పాఠం ముగ్గురితో జరిగింది. మూడో వేషం వేయడానికి యువకులు ఎవరూ ఒప్పుకోలేదు. కాబట్టి దవాఖానమ్మే వేసేది. ప్రతిసారీ అందరికంటే ముందే కచేరీకి చేరేది.

తహసీల్దారు ఊరికి వచ్చి పొలం చూశాడు. మాన్యం నీరడి పేరున రాశాడు. పటేల్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. తూము పని తీసి ఇంకొకరికి ఇప్పించాడు. కొత్త మనిషికి నీళ్లు కాలువ చివరిదాకా చేర్చడం రాలేదు. ఒక పంట కాలం చివరి పొలాలు ఎండాయి. ఆ రైతులే పోయి పాత నీరడిని పిలుచుకొచ్చారు. ఆ ఒక్క పంట కాలం ఆ ఇంట్లో గడవడం కష్టమైంది. అది కూడా చెప్పాలి. మనం సాయం చేసిన ప్రతిచోటా ఇలాంటి ఒక పంట కాలం ఉంటుంది. అప్పుడు మనం సాధారణంగా అక్కడ ఉండం. వర్గల్ అబ్బాయి ఉన్నాడు. గడువు ఏడాదే అయినా రెండేళ్లు ఉన్నాడు. ఇంట్లో పెళ్లి సంబంధాలు వాయిదా వేయించుకుని ఉన్నాడు.

తర్వాత అతను రాజకీయాల్లోకి పోయాడు. అక్కడ పుక్కిట నీళ్లు పట్టమనేవాళ్లు లేరు. సభల్లో అతని ప్రసంగం మొదలైతే జనం భోజనాలు చేసి వచ్చి మళ్లీ కూర్చునేవారు. సిద్దిపేటకు వచ్చినప్పుడల్లా దవాఖానమ్మను చూసి పోయేవాడు. ఆమె అతనికి చాయ్‌కి ముందు చెంబు చూపించేది.

పథకం కొన్నేళ్లకు ఆగిపోయింది. నేను బడికి తిరిగి వచ్చాను. ఆమె దవాఖానకు పోయింది. వారానికి ఒకసారి నా దగ్గర పుస్తకం తీసుకుపోయేది, చదివి తెచ్చి, ఇందులో మనుషులు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారు అని ఇచ్చేది. నా అలమరలో ఆమె చివరిసారి తీసుకుపోయి తిరిగి ఇవ్వని పుస్తకం ఖాళీ ఒకటుంది. ఆమె ఇంటివాళ్లను అడగలేదు. ఆ ఖాళీ అలాగే ఉండనిచ్చాను.

ఆమె సమాధి రోజున చర్చి నుంచి సమాధుల దాకా నడిచాం. వర్గల్ అబ్బాయి వచ్చాడు. అబ్బాయి అంటున్నాను గానీ అతనికి చేతికర్ర వచ్చింది. నీరడి అప్పటికి చాలా ఏళ్ల కిందటే పోయాడు. అతని భార్య వచ్చింది. ఆ వయసులో కూడా మా ముందు నడిచింది.

నా మోకాళ్లు అంతకుముందు సంవత్సరమే చెడ్డాయి. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా వర్గల్ అబ్బాయి ఆగాడు. నేను వెనకబడితే అతనూ వెనకబడ్డాడు. జనం మమ్మల్ని దాటుకుని పోయారు.

సమాధి దగ్గర పాస్టరు గారు అతన్ని రెండు మాటలు చెప్పమన్నారు. అంతమంది ఉన్నారు, పెద్ద మనిషి, ఆమెను ఎరిగినవాడు. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అడిగారు. మళ్లీ ఊపాడు.

"నోట్లో నీళ్లున్నాయా?" అని నేను మెల్లగా అడిగాను.

ఉన్నాయన్నట్టు తలూపాడు.

ఆ ఇద్దరు పిల్లలు మళ్లీ వస్తే ఇది చదవమని ఇస్తాను. వాళ్లు నా దగ్గర వదిలి వెళ్లిన శిక్షణ పుస్తకం మొత్తం చదివాను. చట్టం ఉంది, దవాఖాన ఉంది, ఎలా మాట్లాడాలో చాలా ఉంది. ఇప్పుడు నడక ఎవరూ నేర్పడం లేదు.